ఆఫీసు సిస్టమ్స్ అన్నిటికీ ఒకే చోటి నుంచి సెట్టింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో 20 నుంచి 150 సిస్టమ్స్ దాకా ఉన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చూసుకుంటున్నాను. జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఆఫీసు అయినా, హిమాయత్‌నగర్‌లో ఆడిటర్ల ఆఫీసు అయినా, అమీర్‌పేటలో ట్రైనింగ్ ల్యాబ్ అయినా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఈ ఆఫీసుల్లో ఎక్కువగా వాడేది విండోస్ కాబట్టి జవాబులు కూడా ఎక్కువగా యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులోని యూజర్లు, సిస్టమ్స్ వివరాలన్నీ సర్వర్‌లో ఒకే చోట ఉంచే విండోస్ పద్ధతి), గ్రూప్ పాలసీ గురించే ఉంటాయి. ఒక సంగతి ముందే చెప్పాలి. ఒక్క మార్పుతో వంద సిస్టమ్స్ బాగుచేయొచ్చు, అదే ఒక్క మార్పుతో వంద సిస్టమ్స్ ఆగిపోనూవచ్చు. ఈ పనిలో దిగేవాళ్లు మొదటి రోజు నుంచే దీన్ని మనసులో పెట్టుకోవాలి.

గ్రూప్ పాలసీ అంటే అసలు ఏమిటి?

సర్వర్‌లో ఒక చోట రాసిపెట్టిన నియమాలు. 2000లో విండోస్ 2000, యాక్టివ్ డైరెక్టరీలతో పాటే వచ్చింది. పది నిమిషాలు ఖాళీగా ఉంటే స్క్రీన్ లాక్ అవ్వాలి, అకౌంట్స్ వాళ్లకు ఫలానా ఫోల్డర్ డ్రైవ్‌గా కనిపించాలి, పెన్‌డ్రైవ్ పనిచేయకూడదు, ఇలాంటివన్నీ అక్కడ రాస్తాం. ప్రతి సిస్టమ్ ఆన్ అయినప్పుడు కంప్యూటర్‌కు సంబంధించిన నియమాలు, మనిషి లాగిన్ అయినప్పుడు ఆ మనిషికి సంబంధించిన నియమాలు సర్వర్ దగ్గర నుంచి తెచ్చుకుంటుంది.

సర్వర్ తనంతట తాను పంపదు, సిస్టమ్ వచ్చి అడిగి తీసుకెళ్తుంది. ఇది అర్థమైతే సగం సమస్యలకు కారణం తెలిసినట్టే. ఏ కారణం వల్లనైనా సిస్టమ్‌కు సర్వర్ కనబడకపోతే, మీరు ఎంత చక్కగా రాసిన పాలసీ అయినా అక్కడికి చేరదు.

మా ఆఫీసులో ఎనిమిది సిస్టమ్సే ఉన్నాయి. ఇదంతా కావాలా?

ఎనిమిదికి అక్కర్లేదు. ఒక్కో సిస్టమ్‌లో ఉండే లోకల్ పాలసీతో నడిపించొచ్చు. ఒక సిస్టమ్‌లో చేసిన సెట్టింగులను ఫైలుగా తీసి మిగతావాటిలో వేయడానికి ఎల్‌జీపీఓ అనే చిన్న టూల్‌ను మైక్రోసాఫ్టే ఉచితంగా ఇస్తుంది. నా అనుభవంలో సిస్టమ్స్ 12, 15 దాటినప్పుడు, కుర్చీ కుర్చీకీ తిరగడానికే రోజు సరిపోతున్నప్పుడు డొమైన్ (సిస్టమ్స్, యూజర్లు అందరూ ఒకే సర్వర్ అదుపులో ఉండే ఏర్పాటు) పెట్టుకోవాలి.

ఖర్చు సంగతి. విండోస్ సర్వర్ కొనడంతో అయిపోదు, దాన్ని వాడే మనుషులకో సిస్టమ్స్‌కో క్యాల్ లైసెన్సులు కూడా కొనాలి. చిన్న ఆఫీసుల కోసం ఎసెన్షియల్స్ ఎడిషన్ ఉంది. 25 మంది యూజర్లు, 50 డివైజ్‌ల వరకు దానికి విడిగా క్యాల్స్ అక్కర్లేదు. డబ్బు బాగా ఇబ్బందిగా ఉంటే లినక్స్ మీద సాంబా ఉంది. 2012 డిసెంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అది డొమైన్ కంట్రోలర్‌గా, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్‌గా పనిచేస్తుంది, విండోస్ సిస్టమ్స్‌కు గ్రూప్ పాలసీ కూడా అందిస్తుంది. కానీ లినక్స్ బాగా తెలిసిన మనిషి ఆఫీసులోనే ఉంటేనే దాని జోలికి వెళ్లమంటాను.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పది ల్యాప్‌టాప్‌లు తెచ్చాం. డొమైన్‌లో చేరడం లేదు. ఎందుకు?

వాటిలో ఉన్నది విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ అయి ఉంటుంది. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ప్రో ఉండాల్సిందే. విడిగా ప్రో లైసెన్సు కొని అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు గానీ అది ఒక్కోదానికీ అదనపు ఖర్చు. కొనేటప్పుడే బిల్లు మీద "ప్రో" అని ఉందో లేదో చూసుకోండి. షాపువాళ్లు "విండోస్ ఒరిజినల్ సార్" అంటారు, అది నిజమే కావొచ్చు, కానీ ఏ ఎడిషన్ అన్నది మనమే అడగాలి.

ప్రో ఉంది. అయినా డొమైన్ దొరకడం లేదంటోంది.

పదింట తొమ్మిదిసార్లు డీఎన్‌ఎస్ (పేరును బట్టి అడ్రస్ వెతికిపెట్టే సర్వీసు) సమస్యే. సిస్టమ్‌లో డీఎన్‌ఎస్ అడ్రస్ మీ డొమైన్ కంట్రోలర్‌ది అయి ఉండాలి. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిపోయిన రౌటర్ అడ్రస్సో, 8.8.8.8 అనే గూగుల్ అడ్రస్సో ఉంటే మీ ఆఫీసు డొమైన్ పేరు వాటికెలా తెలుస్తుంది?

ఇంకో పొరపాటు కూడా చాలా చోట్ల చూస్తాను. మొదటి డీఎన్‌ఎస్‌గా సర్వర్, "నెట్ పోకుండా" రెండోదిగా 8.8.8.8 పెడతారు. దాంతో ఒకరోజు పాలసీ వస్తుంది, ఒకరోజు రాదు. కారణం దొరక్క తల పట్టుకుంటారు. బయటి పేర్లు వెతికే పని సర్వర్‌లోని ఫార్వర్డర్స్‌కు అప్పగించండి. సిస్టమ్స్‌లో మాత్రం లోపలి డీఎన్‌ఎస్ తప్ప ఇంకోటి ఉండకూడదు.

ఓయూ అంటే ఏమిటి? ఎలా విభజించాలి?

హైదరాబాద్‌లో ఓయూ అంటే అందరికీ ఉస్మానియానే గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం ఆర్గనైజేషనల్ యూనిట్, అంటే డొమైన్ లోపల మనం చేసుకునే అరలు. పాలసీలను ఈ అరలకే తగిలిస్తాం.

చాలామంది కంపెనీలోని డిపార్ట్‌మెంట్ల చార్ట్ చూసి ఓయూలు చేస్తారు. నేను అలా చేయను. ఏ సిస్టమ్స్‌కు ఒకే రకం నియమాలు కావాలో వాటిని ఒక అరలో పెడతాను. రిసెప్షన్, మీటింగ్ రూమ్ సిస్టమ్స్ ఒకటి, అకౌంట్స్ ఒకటి, బయట తిరిగే ల్యాప్‌టాప్‌లు ఒకటి, మిగతా డెస్క్‌టాప్‌లు ఒకటి, యూజర్లకు వేరుగా ఇంకొకటి. పేరు చూడగానే అందులో ఏముందో తెలియాలి.

కొత్తగా డొమైన్‌లో చేరిన సిస్టమ్ "కంప్యూటర్స్" అనే డబ్బాలోకి వెళ్తుంది. అది ఓయూ కాదు, దానికి పాలసీ తగిలించలేం. అందుకే "కొత్త సిస్టమ్‌కు ఏదీ రావట్లేదు" అన్న ఫోన్లు వస్తుంటాయి. రీడిర్‌సీఎంపీ (redircmp) అనే కమాండ్‌తో కొత్త సిస్టమ్స్ నేరుగా మీకు కావలసిన ఓయూలోకి వచ్చేలా మార్చుకోవచ్చు. ఇంకో సంగతి, మామూలు యూజర్ ఎవరైనా సరే పది సిస్టమ్స్ దాకా డొమైన్‌లో చేర్చగలిగేలా డిఫాల్ట్ సెట్టింగ్ ఉంటుంది. దాన్ని సున్నా చేసేయండి.

ఒకే సెట్టింగు రెండు పాలసీల్లో రెండు రకాలుగా ఉంటే ఏది చెల్లుతుంది?

చివర వచ్చినదే. ముందు లోకల్, తర్వాత సైట్ (ఒక్కో బ్రాంచ్ నెట్‌వర్క్ లాంటిది), తర్వాత డొమైన్, ఆఖరున ఓయూ. ఓయూ లోపల ఇంకో ఓయూ ఉంటే లోపలిది ఇంకా తర్వాత వస్తుంది కాబట్టి దానిదే పైచేయి. పైవాటిని రానివ్వకుండా ఓయూ దగ్గర ఆపొచ్చు. కానీ పై పాలసీకి "ఎన్‌ఫోర్స్డ్" పెట్టి ఉంటే ఆ అడ్డు కూడా పనిచేయదు. ఈ రెండు ఆప్షన్లనూ ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఎక్కువ వాడిన డొమైన్లో ఏది ఎక్కడి నుంచి వస్తోందో ఆరు నెలల తర్వాత పెట్టినవాళ్లకే తెలియదు.

మార్చాక ఎంతసేపట్లో అన్ని సిస్టమ్స్‌కు చేరుతుంది?

మామూలుగా ప్రతి 90 నిమిషాలకు ఒకసారి సిస్టమ్ కొత్త నియమాల కోసం వస్తుంది. అన్నీ ఒకేసారి మీద పడకుండా ఆ 90కి 0 నుంచి 30 నిమిషాల దాకా కలుపుకుంటుంది. అంటే రెండు గంటలు అనుకోండి. డొమైన్ కంట్రోలర్లయితే ఐదు నిమిషాలకోసారి చూసుకుంటాయి. తొందరగా కావాలంటే ఆ సిస్టమ్‌లో జీపీఅప్‌డేట్ (gpupdate) కమాండ్ కొట్టాలి. సర్వర్ 2012 నుంచి పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్లో ఓయూ మీద రైట్ క్లిక్ చేసి మొత్తానికీ ఒకేసారి కూడా చేయొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, ఫోల్డర్ రీడైరెక్షన్ (యూజర్ ఫోల్డర్లను సర్వర్ మీదికి మళ్లించడం) లాంటివి మాత్రం ఇలా మధ్యలో జరగవు. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడో లాగిన్ అయ్యేటప్పుడో జరగాలి, ఒక్కోసారి రెండు రీస్టార్ట్‌లు కూడా పడతాయి. యూజర్‌కు ఈ మాట ముందే చెబితే "రాలేదు" అని ఫోన్ చేయరు.

కొత్త పాలసీ పెట్టాలంటే భయంగా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

ఆ భయం మంచిదే. నాకు జరిగినది చెప్తాను. ఒక ఆడిటర్ల ఆఫీసులో, ఒక నెల 19వ తేదీ సాయంత్రం, తెలియని యూఎస్‌బీ డివైజ్‌లేవీ ఇన్‌స్టాల్ కాకూడదని పాలసీ రాసి నేరుగా డొమైన్ మొత్తానికి తగిలించాను. మర్నాడు 20, అంటే నెలవారీగా జీఎస్టీ 3బీ వేసేవాళ్లకు ఆఖరి రోజు. వాళ్ల దగ్గర క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లు చాలా ఉంటాయి, అవి రోజంతా ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు మారుతుంటాయి. టోకెన్ కొత్త సిస్టమ్‌కు పెట్టగానే విండోస్‌కు అది కొత్త డివైజ్. నా పాలసీ దాన్ని ఆపేసింది. పదింటికి మొదలైన టెన్షన్ ఒంటిగంట దాకా తగ్గలేదు. పాలసీ తీసేయడం ఒక నిమిషం పని, ఆ తీసేసిన సంగతి 60 సిస్టమ్స్‌కు చేరడానికే ఆ మూడు గంటల్లో ఎక్కువ భాగం పట్టింది. గడువులోపు రిటర్నులు వెళ్లాయి గానీ, ఆ రోజు అక్కడి సీనియర్ ఆడిటర్ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి నేను మూడు అంచెల్లో చేస్తున్నాను. మొదట నా సిస్టమ్, ఇంకో పాత సిస్టమ్ మాత్రమే ఉన్న టెస్ట్ ఓయూ. అక్కడ రెండు రోజులు. తర్వాత ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కొక్కరు. వాళ్లను వాళ్ల ఇష్టంతోనే తీసుకుంటాను, "ఈ వారం మీ సిస్టమ్‌లో ఏం తేడా వచ్చినా నాకు ఫోన్ చేయండి" అని చెప్తాను. అకౌంట్స్ నుంచి తప్పకుండా ఒకరుండాలి, ఎందుకంటే విచిత్రమైన సాఫ్ట్‌వేర్లు, టోకెన్లు, పాత ప్రింటర్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక వారం గడిచాకే మొత్తానికి. నెలాఖరున, పన్ను గడువులుండే 7, 11, 20 తేదీల దగ్గర, ఆడిట్ సీజన్లో, శుక్రవారం సాయంత్రం కొత్తది ఏదీ పెట్టను.

అయితే పెన్‌డ్రైవ్‌లు ఆపాలంటే సరైన దారి ఏది?

పై తప్పులో నేను వాడినది డివైజ్ ఇన్‌స్టలేషన్ పాలసీ. పెన్‌డ్రైవ్‌లు మాత్రమే ఆపాలంటే "రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్" అని వేరే పాలసీ ఉంది. అందులో రిమూవబుల్ డిస్కులకు చదవడం, రాయడం విడివిడిగా ఆపొచ్చు. చాలా ఆఫీసులకు రాయడం ఆపితే చాలు. క్లయింట్ తెచ్చిన ఫైలు చూడొచ్చు, మన ఫైలు బయటకు పోదు. అయితే చదవనిస్తే వైరస్ వచ్చే దారి మూసుకోదని గుర్తుంచుకోండి.

ఆ జాబితాలోనే "అన్ని రకాల స్టోరేజీ" అన్న పెద్ద ఆప్షన్ జోలికి వెళ్లొద్దు. చాలా సంతకం టోకెన్లు మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవర్ ఉన్న సీడీలాగా కనిపిస్తాయి. సీడీలు కూడా ఆపేస్తే ఆ డ్రైవర్ ఫైలు తెరుచుకోదు. ఏ టోకెన్లు వాడుతున్నారో కనుక్కొని వాటి డ్రైవర్లు ముందే అన్ని సిస్టమ్స్‌లో వేసిపెట్టండి.

స్టాఫ్‌కు అడ్మిన్ హక్కులు తీసేస్తే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. మళ్లీ ఇచ్చేయాలా?

ఇవ్వొద్దు. పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు తమ సెట్టింగులు సీ డ్రైవ్‌లో తమ ఫోల్డర్లోనే రాసుకుంటాయి. మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు ఉండదు, అందుకే తెరుచుకోదు. ఆ ఒక్క ఫోల్డర్‌కు యూజర్లకు మాడిఫై హక్కు ఇస్తే సరిపోతుంది. అది కూడా గ్రూప్ పాలసీలో ఫైల్ సిస్టమ్ సెక్షన్ నుంచే ఇవ్వొచ్చు.

అడ్మిన్ హక్కుల విషయంలో నేను మొహమాటపడను. మేనేజర్ అయినా, ఓనర్ గారి అబ్బాయి అయినా రోజువారీ పనికి మామూలు యూజర్‌గానే ఉండాలి. నేను కూడా అంతే, నాకు రెండు అకౌంట్లు ఉన్నాయి, మెయిల్ చూసే అకౌంట్‌కు ఏ హక్కూ లేదు.

ప్రతి సిస్టమ్‌లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే పెట్టాం, గుర్తుండడానికి. పర్వాలేదా?

చాలా ప్రమాదం. ఒక్క సిస్టమ్‌లో ఆ పాస్‌వర్డ్ బయటపడితే అన్నిటికీ తాళం దొరికినట్టే. ల్యాప్స్ (LAPS) అనే మైక్రోసాఫ్ట్ టూల్ వాడండి. ప్రతి సిస్టమ్‌కు వేరే పాస్‌వర్డ్ అదే పెట్టి, కొన్నాళ్లకోసారి అదే మార్చి, యాక్టివ్ డైరెక్టరీలో దాచుతుంది. 2015లో విడి ప్రోగ్రాముగా వచ్చింది, 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి విండోస్‌లోనే ఉంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఒక మధ్యాహ్నం పని.

పాత డొమైన్ అయితే ఇంకోటి ఇవాళే చూడండి. ఒకప్పుడు గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో (యూజర్ తర్వాత మార్చుకోగల సెట్టింగులు రాసే భాగం) లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ రాసే వీలుండేది. అది సర్వర్‌లో పాలసీల ఫైళ్లుండే సిస్‌వాల్ ఫోల్డర్లో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉండేది, డొమైన్లో ఎవరైనా ఆ ఫైలు చదవొచ్చు, దాన్ని విప్పే తాళంచెవి మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లలోనే బహిరంగంగా ఉంది. 2014 మేలో వచ్చిన అప్‌డేట్ కొత్తగా అలా రాయడాన్ని ఆపింది, అప్పటికే రాసినవాటిని తుడిచేయలేదు. సిస్‌వాల్‌లో "సీపాస్‌వర్డ్" (cpassword) అన్న మాట కోసం వెతకండి. దొరికితే ఆ ఎంట్రీ తీసేసి, ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడారో అన్నిచోట్లా మార్చండి.

పాస్‌వర్డ్ ఎన్నాళ్లకోసారి మార్పించాలి?

డొమైన్ పెట్టగానే వచ్చే లెక్క 42 రోజులు, కనీసం 7 అక్షరాలు. 42 రోజులకోసారి మార్చమంటే జనం చివర అంకె మార్చుకుంటూ పోతారు, లేదా కీబోర్డ్ కింద చీటీ పెడతారు. మైక్రోసాఫ్ట్ తన సెక్యూరిటీ బేస్‌లైన్ (తాను సిఫారసు చేసే సెట్టింగుల జాబితా) నుంచి ఈ గడువు నియమాన్ని 2019లో తీసేసింది. నేను 14 అక్షరాలకు పెంచి, గడువు తీసేయమంటాను. తెలుగు మాటలు మూడు నాలుగు కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. లీకైందని అనుమానం వస్తే మాత్రం ఆ రోజే మార్పించాలి.

పాస్‌వర్డ్ నియమాన్ని ఓయూకి తగిలిస్తే డొమైన్ అకౌంట్లకు పనిచేయదు. డొమైన్ స్థాయిలోనే ఉండాలి. కొందరికి వేరుగా కావాలంటే సర్వర్ 2008 నుంచి ఫైన్ గ్రెయిన్డ్ పాలసీలు ఉన్నాయి.

అప్‌డేట్లు ఆపేయొచ్చా? పని మధ్యలో రీస్టార్ట్ అవుతున్నాయి.

ఆపొద్దు, వేళ కుదర్చండి. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకున్న సిస్టమ్స్‌లోకి అది ఆ దారిన రాలేకపోయింది.

గ్రూప్ పాలసీతోనే నెలవారీ అప్‌డేట్లను 30 రోజుల దాకా వెనక్కి జరపొచ్చు. టెస్ట్ ఓయూకి సున్నా రోజులు, రెండో అంచెకు 3, మిగతావాళ్లకు 7 పెడితే పై మూడు అంచెల పద్ధతి ఇక్కడా వచ్చేస్తుంది. ఆఫీసు వేళల్లో రీస్టార్ట్ కాకుండా యాక్టివ్ అవర్స్, ఎన్నాళ్లయినా రీస్టార్ట్ చేయనివాళ్ల కోసం డెడ్‌లైన్ పెట్టండి. డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఒక సిస్టమ్ దింపుకున్నది పక్క సిస్టమ్‌కు ఇస్తుంది, నెట్ లైన్ మీద భారం తగ్గుతుంది. డబ్ల్యూసస్ (అప్‌డేట్లను ఆఫీసు సర్వర్ నుంచే పంచే పద్ధతి) వాడుతున్నవాళ్లు వాడుకోవచ్చు గానీ, దానికి ఇకపై కొత్త ఫీచర్లు రావని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. కొత్తగా పెట్టమని నేను చెప్పను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా అదే నడుస్తుంటే ముందు ఆ పని చూడండి.

ప్రింటర్ పాలసీతో పెట్టాం. యూజర్‌ను అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ఆ ఆగస్టు అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ అయి ఉండాలి. దీన్ని వదులు చేసే రిజిస్ట్రీ సెట్టింగ్ ఉంది, చాలామంది అదే చేస్తారు, అలా చేస్తే ఆ లోపాన్ని మళ్లీ తెరిచినట్టే. డ్రైవర్‌ను ముందే సిస్టమ్స్‌లో వేసి ఉంచండి, అప్పుడు ప్రింటర్ తగిలించినప్పుడు ఏమీ అడగదు.

అన్ని సిస్టమ్స్‌లో తెలుగు టైపింగ్ పెట్టాలి. కుదురుతుందా?

కుదురుతుంది. ఇది అడిగినప్పుడు నాకు నిజంగా సంతోషం. కీబోర్డ్ కోసం ప్రిఫరెన్సెస్‌లో రిజిస్ట్రీ భాగం వాడి, యూజర్ వైపు కీబోర్డ్ లేఔట్‌లోని ప్రీలోడ్ జాబితాలో తెలుగు చేర్చాలి. ఆ తర్వాత విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఔట్ రానివాళ్లకు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డ్ 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది.

ఫాంట్ల దగ్గరే చిక్కు. విండోస్ 8 నుంచి తెలుగుకు నిర్మలా యూఐ మామూలుగా వస్తుంది. పాత డాక్యుమెంట్లు గౌతమిలో ఉంటాయి. విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లు విడిగా దింపుకోవాల్సిన అదనపు ఫీచర్ కింద ఉన్నాయి. మీరు డబ్ల్యూసస్ వాడుతుంటే ఆ ఫీచర్ దిగదు, ఎర్రర్ ఇస్తుంది. "ఆప్షనల్ కాంపోనెంట్ ఇన్‌స్టలేషన్" పాలసీలో నేరుగా విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకోమని టిక్ పెడితే దిగుతుంది. డీటీపీ సెంటర్ నుంచి వచ్చే అను ఫాంట్ల ఫైళ్లు వేరు సంగతి. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో అక్షరాలు చిందరవందరగా కనిపిస్తాయి. ఆఫీసు లోపల తయారయ్యే ప్రతి లెటరూ యూనికోడ్‌లోనే ఉండాలని ఒక నిర్ణయం చేసుకుంటే పదేళ్ల తర్వాత కూడా ఆ లెటర్లు వెతికితే దొరుకుతాయి.

కరెంటు పోయి సర్వర్ ఆగిపోతే ఆఫీసంతా ఆగిపోతుందా?

పాలసీల వరకు ఆగదు. చివరిసారి తెచ్చుకున్న నియమాలు సిస్టమ్‌లోనే ఉంటాయి. ఇంతకుముందు అదే సిస్టమ్‌లో లాగిన్ అయినవాళ్లు సర్వర్ లేకపోయినా లాగిన్ అవుతారు, విండోస్ మామూలుగా చివరి పదిమంది లాగిన్లు గుర్తుపెట్టుకుంటుంది. షేర్డ్ ఫోల్డర్లు, డీఎన్‌ఎస్ మాత్రం ఆగుతాయి, అంటే నెట్ కూడా పోయినట్టే అనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ అనుభవం అయ్యాక అందరూ రెండో డొమైన్ కంట్రోలర్ అడుగుతారు. మొదటిరోజే రెండు పెట్టుకోండి, రెండిటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టొద్దు. స్విచ్‌లను కూడా యూపీఎస్ మీదికి తేవడం మరిచిపోవద్దు.

కరెంటు వచ్చాక ఒక సిస్టమ్ మాత్రం లాగిన్ కాకపోతే గడియారం చూడండి. బోర్డు మీద బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. సర్వర్ టైముకు, సిస్టమ్ టైముకు ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే, లాగిన్‌ను సరిచూసే కెర్బెరాస్ ఒప్పుకోదు.

లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచాలి?

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు. సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకు చెప్పాలి, సర్వర్ల టైమును ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైముతో కలపాలి. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ 20 ఎంబీ నిండగానే పాతది తుడిచేసుకుంటుంది, బిజీ సిస్టమ్‌లో అది కొద్దిరోజులకే నిండుతుంది. పాలసీతో సైజు పెంచండి, దాంతోపాటు ఈవెంట్ ఫార్వర్డింగ్ పెట్టి ముఖ్యమైన ఈవెంట్లను ఒక సర్వర్‌కు తెప్పించుకోండి. దాడి చేసినవాడు మొదట తుడిచేది ఆ సిస్టమ్‌లోని లాగ్‌నే.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్‌లకు?

గ్రూప్ పాలసీ అందాలంటే సర్వర్ కనబడాలి, కాబట్టి వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే దారి) కావాలి. లాగిన్ అయ్యాక వీపీఎన్ కలిపితే, లాగిన్ సమయంలో జరగాల్సినవి అందవు. నెలల తరబడి ఆఫీసుకు రాని ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఉంటే ఇంట్యూన్ లాంటి క్లౌడ్ పద్ధతి మేలు. దానికి నెట్ ఉంటే చాలు, సుమారు 8 గంటలకోసారి కొత్త నియమాలు చూసుకుంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌కు రెండూ ఉండి, ఒకే సెట్టింగు రెండు చోట్లా రాస్తే మామూలుగా గ్రూప్ పాలసీదే చెల్లుతుంది. ఏ సెట్టింగు ఎక్కడ రాయాలో పంచుకుని, రెండు చోట్లా రాయకుండా ఉండటమే సుఖం.

మ్యాక్, లినక్స్?

మ్యాక్‌లకు ఎండీఎం (డివైజ్‌లను నెట్ ద్వారా నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్, లినక్స్‌కు ఆన్సిబుల్ అనే టూల్. ఆఫీసులో రెండు మూడే ఉంటే చేత్తో చేసుకోండి.

ఒక్కరికి మాత్రం పాలసీ రావడం లేదు. ఎక్కడ వెతకాలి?

ఊహించొద్దు, సిస్టమ్‌నే అడగండి. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో జీపీరిజల్ట్ (gpresult /r) కొడితే ఏ పాలసీలు వచ్చాయి, ఏవి ఆగాయి, ఎందుకాగాయి అన్నీ చెబుతుంది. వెబ్ పేజీ రిపోర్టుగా కూడా ఇస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్ పాలసీకి ప్రత్యేకంగా ఆపరేషనల్ లాగ్ ఉంది, ఏ మెట్టు దగ్గర ఎన్ని సెకన్లు పట్టిందో కూడా అందులో కనబడుతుంది. లాగిన్ నెమ్మది అంటున్నవాళ్ల దగ్గర కారణం అక్కడే దొరుకుతుంది. ఎక్కువగా అది ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ మీది డ్రైవ్ మ్యాపింగో, పాడైన ప్రింటరో అయి ఉంటుంది.

యూజర్ పాలసీని ఒక గ్రూపుకు మాత్రమే పరిమితం చేసి, "ఆథెంటికేటెడ్ యూజర్స్"ను జాబితాలోంచి పూర్తిగా తీసేశారా? 2016 జూన్ అప్‌డేట్ నుంచి యూజర్ పాలసీని కూడా కంప్యూటర్ తన గుర్తింపుతోనే చదువుతుంది. కంప్యూటర్‌కు చదివే హక్కు లేకపోతే అది ఎవరికీ రాదు. డెలిగేషన్ ట్యాబ్‌లో "డొమైన్ కంప్యూటర్స్"కు చదివే హక్కు ఒక్కటి ఇవ్వండి.

మీటింగ్ రూమ్ సిస్టమ్‌లో ఎవరు లాగిన్ అయినా ఒకేలా ఉండాలి.

లూప్‌బ్యాక్ ప్రాసెసింగ్, రీప్లేస్ మోడ్‌లో. అప్పుడు లాగిన్ అయిన మనిషి ఓయూలోని యూజర్ నియమాల బదులు ఆ సిస్టమ్ ఉన్న ఓయూలోని యూజర్ నియమాలే వస్తాయి. ట్రైనింగ్ ల్యాబ్‌లకు ఇంతకన్నా మంచిది లేదు.

పాలసీ తీసేస్తే పాత స్థితికి వస్తుందా?

అసలు పాలసీలు చాలావరకు వస్తాయి. ప్రిఫరెన్సెస్ రావు. డ్రైవ్ మ్యాపింగ్, రిజిస్ట్రీ, షార్ట్‌కట్ లాంటివి పాలసీ తీసేసినా అలాగే ఉండిపోతాయి. రాసేటప్పుడే "ఇక వర్తించనప్పుడు తీసేయి" అన్న టిక్ పెట్టి ఉంటే తప్ప. యూజర్ మార్చుకోకూడనిదాన్ని పాలసీగా, మొదట ఇచ్చి తర్వాత వాళ్లిష్టానికి వదిలేదాన్ని ప్రిఫరెన్స్‌గా రాయాలి.

ఏ మార్పుకైనా ముందు కన్సోల్లో బ్యాకప్ తీయండి. ఆ బ్యాకప్‌లో పాలసీ ఏ ఓయూకి తగిలించి ఉందో రాదు, అది విడిగా రాసుకోవాలి. డిఫాల్ట్ డొమైన్ పాలసీలో పాస్‌వర్డ్, అకౌంట్ నియమాలు తప్ప ఇంకేమీ కలపొద్దు, ప్రతి పనికీ కొత్త పాలసీ చేసుకోండి.

స్టాఫ్ "మమ్మల్ని నమ్మట్లేదా" అంటున్నారు.

వాళ్లకు ముందు చెప్పకపోవడం వల్లే ఆ మాట వస్తుంది. నేను ప్రతి మార్పుకూ ముందురోజు తెలుగులో రెండు మూడు వాక్యాల మెసేజ్ పంపుతాను. "రేపటి నుంచి పది నిమిషాలు ఖాళీగా ఉంటే స్క్రీన్ లాక్ అవుతుంది. పాస్‌వర్డ్ కొడితే మళ్లీ తెరుచుకుంటుంది, మీ పని ఏదీ పోదు. క్లయింట్ల వివరాలు ఎవరి కంటా పడకుండా ఇది పెడుతున్నాం." అంతే. అవసరం లేని ఆంక్షలు పెట్టకపోవడం కూడా ముఖ్యం. వాల్‌పేపర్‌గా తమ పిల్లల ఫొటో పెట్టుకోనివ్వకపోతే ఆఫీసుకు వచ్చే భద్రత ఏమీ లేదు.

ఇప్పుడు చూస్తున్న అడ్మిన్ వచ్చే నెల మానేస్తున్నారు. ఆయన దగ్గర ఏం తీసుకోవాలి?

డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్, సర్వర్ రికవరీ కోసం పెట్టిన డీఎస్‌ఆర్‌ఎం పాస్‌వర్డ్, ఏ బ్యాకప్ ఎక్కడుందో, దాన్ని చివరిసారి తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడో. పాలసీల జాబితా తెరిచి ఒక్కొక్కటి ఎందుకు పెట్టారో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ప్రతి పాలసీకీ కామెంట్ రాసే ట్యాబ్ ఉంటుంది, ఆయన చెప్పింది తేదీతో సహా అందులోనే రాయండి. "గుర్తులేదు" అన్నవాటిని వెంటనే తీసేయకండి. ముందు ఒక ఓయూకి లింక్ డిసేబుల్ చేసి, మధ్యలో ఒక 20వ తేదీ వచ్చేలా ఒక నెల చూసి, అప్పుడు తీయండి. ఆయన వెళ్లిన రోజే ఆయన అకౌంట్ డిసేబుల్ చేసి, ఆ అకౌంట్ పేరుతో నడుస్తున్న బ్యాకప్ టాస్కులు, సర్వీసులు ఏమైనా ఆగాయేమో మర్నాడు ఉదయం చూసుకోండి.